అన్నదమ్ముల దీవిలో ఒక రాత్రి



కిందటి నెల ఈ పేజీలో ఏమీ రాయలేదేమని చాలామంది ఫోను చేసి అడిగారు. మేము ఊళ్ళో లేము. దేవుని కృపనుబట్టి మొదటిసారి దేశం దాటి, కాలిఫోర్నియాలో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్ళి వచ్చాము. అమెరికా విశేషాలు రాయమని మా యౌవనస్థులు వెంటపడుతున్నారు. పెద్ద వంతెనలు, పెద్ద దుకాణాలు మీ ఫోనులోనే కనిపిస్తాయి, చూసుకోండి. మేము ఒక్క రాత్రి గురించి రాస్తాము. 2019 నవంబరులో, సముద్రపు పాయ మధ్యలో ఉన్న చిన్న దీవి మీద, 145 ఏళ్ళ నాటి లైటు హౌసులో మేము పడుకున్న రాత్రి. పడుకున్నామని రాశాము గాని నిద్రపోయింది తక్కువే.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. మా తమ్ముడికీ మాకూ ఆరేళ్ళు మాటల్లేవు. ఈ సంగతి మా సంఘంలో కొందరికి తెలుసు, చాలామందికి తెలియదు. తెలిసినవారు మర్యాదకొద్దీ అడగలేదు. ఈ ఆరేళ్ళలో నెలనెలా ప్రభువు బల్ల దగ్గర, సహోదరునితో సమాధానపడి రమ్మని మీకు చెప్పినవారము మేమే.

2013లో మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. తమ్ముడు రాలేదు. వస్తానని గాని రానని గాని సరిగా చెప్పలేదు. ఖర్చులకు డబ్బు పంపాడు. ఆ డబ్బు తిప్పి పంపేశాము. తర్వాత ఒక ఉత్తరం రాశాము. ఇక్కడ ‘మేము’ అనే మాటలో మా పాస్టరమ్మకు భాగం లేదు. ఆమె వద్దన్నారు. పైగా ఈ ఆరేళ్ళూ మాకు తెలియకుండా తోటికోడలితో ఫోనులో మాట్లాడుతూనే ఉన్నారట. ఈ ప్రయాణం, వీసా, టిక్కెట్లు అన్నీ ఆ ఫోనుల్లోంచి పుట్టినవే. చివరికి మాకు తేదీ మాత్రం చెప్పారు.

వాడింట్లో మొదటి వారం మర్యాదగానే గడిచింది. “కాఫీ తాగుతావా అన్నయ్యా”, “చలిగా ఉందా అన్నయ్యా”, అంతే. పిల్లలు మధ్యలో ఉంటే ఇద్దరమూ పిల్లలతోనే మాట్లాడేవాళ్ళము. ఒక శుక్రవారం మధ్యాహ్నం, మరదలు పిల్లలతో ఇంట్లో ఉండిపోగా, మమ్మల్నిద్దరినీ కారెక్కించుకుని “ఒక రాత్రికి బట్టలు పెట్టుకోండి” అన్నాడు. ఎక్కడికో చెప్పలేదు.

రిచ్‌మండ్ అనే ఊరు దాటి, చమురు శుద్ధి కర్మాగారం పక్కనుంచి, గుట్టలూ మలుపులూ ఉన్న సన్నటి దారిలో వెళ్ళాము. దారిలో కోటలాంటి ఎర్ర ఇటుకల భవనం ఒకటి పాడుబడి ఉంది. అది వైన్‌హేవెన్ అనీ, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద ద్రాక్షసారా కర్మాగారమనీ, అమెరికాలో మద్యనిషేధం రావడంతో మూతపడిందనీ తమ్ముడు చెప్పాడు. 1990లలో మన నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా ప్యాకెట్ల మీద తిరగబడిన రోజులు గుర్తొచ్చి మా పాస్టరమ్మ ఆ భవనం వైపు చాలాసేపు తిరిగి చూశారు. ఆ విషయంలో ఆమెకు ఉన్న అభిప్రాయాలు మీలో చాలామందికి తెలిసినవే.

దారి చివర పాయింట్ శాన్ పాబ్లో అనే చిన్న పడవల రేవు. అక్కడినుంచి పడవలో పది నిమిషాలు. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతానికీ, దానికి ఉత్తరాన ఉన్న శాన్ పాబ్లో అఖాతానికీ మధ్య నీళ్ళు ఇరుకవుతాయి. ఆ ఇరుకులో తూర్పు ఒడ్డు పక్కన రెండు చిన్న దీవులు ఉన్నాయి. వాటి పేరు ‘బ్రదర్స్’, అంటే అన్నదమ్ములు. ఎదురుగా పడమటి ఒడ్డు పక్కన ఉన్న రెండు రాళ్ళ పేరు ‘సిస్టర్స్’, అక్కచెల్లెళ్ళు. లైటు హౌసు ఉన్నది ఈస్ట్ బ్రదర్ మీద. వెస్ట్ బ్రదర్ మీద పక్షులు తప్ప ఏమీ లేదు.

పేరు విన్నాక మా ముఖం చూసి పాస్టరమ్మ మెల్లగా, “దీన్ని ప్రసంగం చెయ్యకండి” అన్నారు. ఆమె చెప్పకపోతే పడవలోనే మూడు అంశాలు తయారయ్యేవి. ప్రసంగీకులైన సహోదరులకు ఈ బలహీనత తెలుసు.

దీవి రేవు దగ్గర పడవ ఆగాక నిలువు నిచ్చెన ఎక్కాలి. పోటు ఉంటే నాలుగు మెట్లు, పాటు ఉంటే చాలా ఎక్కువ. పడవ పైకీ కిందికీ ఊగుతుంటే, అది పైకి లేచినప్పుడు కాలు వేయాలి. ప్యాంటు వేసుకోమని మరిది బతిమాలినా వినని మా పాస్టరమ్మ కుచ్చిళ్ళు దోపుకుని గోదారి రేవులో ఎక్కినట్టే ఎక్కేశారు. బితుకుబితుకుమన్నది మేమే. తమ్ముడు వెనకనుంచి మా మడమ పట్టుకుని మెట్టు మీద పెట్టాడు. వాడు మమ్మల్ని ముట్టుకుని ఎన్నేళ్ళయిందో ఆ క్షణాన లెక్క వేసుకున్నాము.

ఆ దీవి మొత్తం ఎకరం కూడా ఉండదు. దాని మీద తెల్లటి అంచులతో చెక్క ఇల్లు, ఆ ఇంటి మీదే చతురస్రపు బురుజు, దాని పైన దీపపు గది. మన అంతర్వేది దగ్గర లైటు హౌసులాగా ఒంటి స్తంభం కాదు, సంసారం చేసే ఇల్లే. దీని నమూనా గీసినవాడు పాల్ పెల్జ్. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భవనం గీసినవారిలోనూ ఆయన ఒకడు. నిజానికి ప్రభుత్వం దీన్ని ఒడ్డు మీదే కట్టాలనుకుంది. భూమి సొంతదారులతో బేరం తెగక, వ్యాజ్యాలు పడి, చివరికి తన చేతిలోనే ఉన్న ఈ రాతి దీవికి వచ్చింది. దీవి నెత్తిని మందుగుండుతో పేల్చి చదును చేసి ఇల్లు కట్టారు. 1874 మార్చి 1న దీపం వెలిగింది. భూమి తగాదా లేకపోతే దీపం దీవి మీదికి వచ్చేదే కాదు! మందిర స్థలాల వ్యాజ్యాల్లో నలిగిన పాస్టర్లు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవచ్చు.

మంచినీళ్ళకు అక్కడ ఊటగాని బావిగాని లేదు. నేలంతా గచ్చు చేసి, వాన నీళ్ళన్నీ భూమిలోని తొట్టెలోకి పారేటట్టు వాటం ఇచ్చారు. ఇప్పటికీ అవే నీళ్ళు. అందుకే ఒక్క రాత్రి ఉండేవాళ్ళకు స్నానం లేదు. ముఖం కడుక్కోవడంతో సరి. ఉప్పునీటి మధ్య బిందె మంచినీళ్ళ కోసం మైళ్ళు నడిచిన మా తీరం ఆడవాళ్ళకు ఆ గచ్చు చూపించాలనిపించింది.

కాపలాదారులు భార్యాబిడ్డలతో ఇక్కడే బతికేవారు. స్టెన్‌మార్క్ అనే ఆయన 1894 నుంచి 1914 వరకు, ఇరవై ఏళ్ళు, ఈ రాతి మీదే కాపురం చేశాడు. 1969లో దీపం దానంతటదే వెలిగే ఏర్పాటు వచ్చాక మనుషుల అవసరం పోయింది. ఇల్లు కూల్చేద్దామనుకున్నారు. చుట్టుపక్కల జనం ఒప్పుకోలేదు. 1971లో చారిత్రక కట్టడాల జాబితాలో చేరింది గాని, చూసేవారు లేక కుళ్ళిపోతూనే ఉంది. 1979లో కొందరు ఒక సంఘంగా ఏర్పడి, సెలవు రోజుల్లో వచ్చి చెక్కలు మార్చి, రంగులు వేసి నిలబెట్టారు. మేము వెళ్ళినప్పుడు ఆ ఖర్చులకే రాత్రి బసకు గదులు ఇచ్చేవారు. ఆ ఒక్క రాత్రికి తమ్ముడు కట్టిన డబ్బు ఎంతో విన్నాక మాకు అన్నం సహించలేదు. మన మందిరం వరండాకు రేకులు వేయించవచ్చు. ఆ మాట వాడితో అన్నాము కూడా. వాడు ఏమీ అనలేదు. అనకపోవడమే బాగుండలేదు.

గదులకు పేర్లు ఉన్నాయి. మాకు ఇచ్చిన గది ‘టూ సిస్టర్స్’. తమ్ముడిది ‘వెస్ట్ బ్రదర్’. వాడు కావాలని తీసుకున్నాడో, మిగిలింది అదో అడగలేదు.

ఆ దీవిని చూసుకునేది ఒక జంట. భోజనాల వేళ సీసా తెరిచి అందరికీ పొయ్యబోయారు. మేము ఫలానా అని తమ్ముడు చెప్పగానే మాకోసం ఆపిల్ రసం తెచ్చారు, అదే రకం గ్లాసుల్లో పోశారు. తర్వాత మెట్లెక్కి దీపపు గది చూపించారు. ఇరవై ఏళ్ళుగా దీపం గురించి బోధిస్తున్నాము. పెద్ద వెలుగుకు పెద్ద దీపం ఉండాలనే మా ఊహ. లోపలి బల్బు చిన్నది. దాని చుట్టూ ఉన్న గాజు పలకలే పని చేసేది. ఫ్రెనెల్ అనే ఫ్రాన్సు దేశస్థుడు 1820లలో కనిపెట్టిన కటకం అది. అన్ని వైపులకూ చెదిరిపోయే కాంతిని పట్టి, వంచి, ఒకే మట్టంలో సముద్రం మీదికి పంపుతుంది. ఐదు సెకన్లకు ఒక మెరుపు.

చీకటి పడ్డాక బయట నిలబడితే దక్షిణాన రిచ్‌మండ్ వంతెన దీపాలు, అవతలి ఒడ్డున శాన్ క్వెంటిన్ జైలు దీపాలు కనిపించాయి. ఒక చమురు ఓడ మా ముందునుంచి, ఇల్లు నడిచి వెళ్తున్నట్టుగా ఉత్తరానికి పోయింది. “ఈ నీళ్ళు ఎక్కడివో తెలుసా అన్నయ్యా? శాక్రమెంటో నదివి” అన్నాడు తమ్ముడు. మేము ఉలిక్కిపడ్డాము. కోనసీమ వాళ్ళకు శాక్రమెంటో కొత్త మాట కాదు. ఈ నది పేరే పెట్టుకున్న అమెరికా యుద్ధనౌక ఒకటి 1867 జూన్‌లో మన గోదావరి ముఖద్వారం దగ్గర ఇసుకమేటల్లో పడి పగిలిపోయింది. ప్రాణాలు పోలేదు. మన తీరంలో శాక్రమెంటో లైటు హౌసు అనే పేరు అలా వచ్చిందే. చిన్నప్పుడు ఆ పేరును నోరు తిరగక నానా రకాలుగా పలికిన ఇద్దరం, ఇప్పుడు ఆ నీళ్ళ మధ్య నిలబడి ఉన్నాము.

అప్పుడే మంచు దిగడం మొదలైంది. ముందు జైలు దీపాలు పోయాయి. తర్వాత వంతెన. తర్వాత వెస్ట్ బ్రదర్. చివరికి మా తల మీద మెరుపు ఉందో లేదో కూడా తెల్లటి పొగలో తెలియలేదు. బూర మాత్రం వినిపిస్తూ ఉంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, మంచున్నా లేకపోయినా, ముప్పై సెకన్లకు ఒకసారి ఆ బూర మోగుతూనే ఉంటుంది. నిద్ర పట్టదని చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఉండల్లాంటివి ముందే ఇచ్చారు. మా పాస్టరమ్మ అవి తీసుకుని, నిద్రొస్తోందని పైకి వెళ్ళిపోయారు. అవి పెట్టుకోలేదని తర్వాత తెలిసింది.

మేమిద్దరం వరండాలో కూర్చున్నాము. బూర మోగినప్పుడు మాట ఆపాలి, ఆగాక ముప్పై సెకన్లు దొరుకుతాయి. మొదట్లో ఆ ముప్పై సెకన్లు కూడా చాలా ఎక్కువనిపించాయి.

“ఈ చప్పుడు వింటే నీకేం గుర్తొస్తోంది అన్నయ్యా?” అన్నాడు.

వాడు అడగక ముందే గుర్తొచ్చింది. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి. కోనసీమలో వెయ్యిమందికి పైగా పోయిన రాత్రి. అప్పటికే నాన్న లేడు. వాడికి పదకొండేళ్ళు. మా వీధిలో డాబా కప్పు ఉన్నది మందిరం ఒక్కటే. నీళ్ళు నడుము దాకా వస్తే వాడిని భుజాల మీద ఎక్కించుకుని మందిరం చేరాము. కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరుగుతున్నాయి. లాంతరు ఎన్నిసార్లు వెలిగించినా ఆరిపోయింది. చీకట్లో మందిరం ఎటు ఉందో జనానికి తెలియదని, అమ్మ గంట తాడు పట్టుకుంది. తెల్లారేదాకా ఆపలేదు. చేతులు పడిపోతే పెద్దలు అందుకునేవారు, మళ్ళీ ఆమే లాక్కునేది. ఆ గంట విని ఎంతమంది వచ్చారో మేము లెక్కపెట్టలేదు. ఆమె అరచేతుల మీద తాడు ఒరుసుకున్న మచ్చలు చివరిదాకా ఉన్నాయి.

“గంట” అన్నాము. అంతకంటే గొంతు పెగల్లేదు.

“ఈ లైటు హౌసు గురించి చదివినప్పుడు, ఇక్కడ రాత్రంతా బూర మోగుతుందని రాసి ఉంది. అందుకే తెచ్చాను. వరండా రేకుల డబ్బు వేరే పంపిస్తాను, ఈసారి తిప్పి పంపకు.”

బూర మోగింది. మాట్లాడకుండా ఉండటానికి అది మంచి సాకు అయింది.

తర్వాత వాడే చెప్పాడు. 2013లో అమ్మ పోవడానికి రెండు వారాల ముందే వాడి ఉద్యోగం పోయింది. అప్పటి నియమం ప్రకారం ఉద్యోగం పోతే ఆ దేశంలో ఉండే హక్కు కూడా పోయినట్టే. దాటి వస్తే తిరిగి రానివ్వరు. మరదలికి ఎనిమిదో నెల. ఎవరికీ చెప్పలేదు. అమెరికా పంపడానికి అమ్మ తన పుస్తెలతాడు అమ్మింది, ఉద్యోగం పోయిందని అమ్మ చివరి రోజుల్లో ఏ నోటితో చెప్పను అన్నాడు. మాకు పంపిన ఆ డబ్బు స్నేహితుడి దగ్గర అప్పు తెచ్చినదట.

“మరి మాకెందుకు చెప్పలేదురా చిన్నోడా?”

“చెబుదామనుకునేలోపు నీ ఉత్తరం వచ్చింది.”

ఆ ఉత్తరంలో ఒక వాక్యం వాడికి నోటికి వచ్చు. చెప్పాడు. ‘దూరదేశం పోయి ఆస్తి అంతా పాడుచేసిన ఆ చిన్న కుమారుడైనా ఇంటికి తిరిగి వచ్చాడు, నీకు ఆ మాత్రం బుద్ధి కూడా లేకపోయింది.’ అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. ఆరేళ్ళలో మేము రాసిన ప్రసంగాల్లో ఒక్క వాక్యమైనా అలా గుర్తుపెట్టుకున్న విశ్వాసి ఎవరైనా ఉన్నారా అని సందేహం.

ఆ ఉపమానం మీద మేము పదిసార్లకు తక్కువ కాకుండా బోధించి ఉంటాము. అందులో పెద్ద కుమారుడు కూడా ఉన్నాడు. పొలం నుంచి వచ్చి, కోపంతో ఇంట్లోకి రానన్నవాడు. వాడి గురించి చెప్పే వేళకు ఎప్పుడూ ఆరాధన సమయం అయిపోయేది. ఆ మాటే తమ్ముడితో అన్నాము. వాడు నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో బూర మోగింది, ఇద్దరమూ ఆగి, మళ్ళీ నవ్వాము. ఏడ్చింది కూడా రాయాలా? రాయము.

క్షమించమని అడిగాము. వెంటనే సరే అనలేదు వాడు. అది కూడా దాచకుండా రాయాలి. చాలాసేపు, పది పన్నెండు బూరల దాకా, మంచులోకి చూస్తూ కూర్చున్నాడు. “నేను రాలేదు కదా. అది మాత్రం నిజమే కదా అన్నయ్యా” అన్నాడు చివరికి. దానికి ఏం చెప్పాలో సెమినరీలో నేర్పలేదు. యాకోబు ఏశావును కలుసుకునే ముందు రాత్రంతా పెనుగులాడినట్టు ఆదికాండములో చదువుతాము. పెనుగులాడినవాడు కుంటుతూ వెళ్ళాడు. మాకూ ఏదో తుంటి పట్టేసినట్టే ఉంది, చలికి కూడా కావచ్చు.

రెండు దాటాక వాడు ఒక్కటి అడిగాడు. “అమ్మ సమాధి మీద రాయి ఫోటో చూశాను. వదిన పంపింది. అందులో నా పేరు లేదు.”

లేదు. కావాలనే వేయించలేదు. ‘కుమారుడు’ అని ఒక్క వచనంలో చెక్కించి, కింద మా పేరు. ప్రతి ఏడాది సమాధుల పండుగకు సున్నం వేసి, పూలు పెట్టి, ఆ రాయి ముందు నిలబడి ప్రార్థన చేస్తున్నాము. ఈ ఏడాది కూడా బయలుదేరే ముందు చేసే వచ్చాము.

తెల్లవారాక మంచు తేలిపోయింది. వెస్ట్ బ్రదర్ ఉన్నచోటే ఉంది, దాని నిండా నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. టిఫిను తర్వాత, పాత కాలపు బూర మోగించి చూపిస్తామని మమ్మల్ని యంత్రాల గదిలోకి తీసుకెళ్ళారు. 1930లలో పెట్టిన డయాఫోను, గాలిని ఒత్తిడితో తొట్టెల్లో నింపి వదిలితే అరిచేది. మొదట గట్టిగా ఒక కేక, దాని చివర కడుపులోంచి వచ్చినట్టు ఒక మూలుగు. మా ఛాతీలో ఎముకలు కదిలాయి. పాస్టరమ్మ చెవులు మూసుకుని “అత్తయ్యగారి గంటే నయం” అన్నారు. మరిది ఆమె వైపు చూశాడు. రాత్రి అంతా ఆమె విన్నారని అప్పుడే మా ఇద్దరికీ అర్థమైంది.

తిరిగి వచ్చేటప్పుడు పాటు. నిచ్చెన రెండింతలైంది. ముందు తమ్ముడు దిగి, కిందనుంచి “ఇంకొకటి అన్నయ్యా, ఇంకొకటి” అంటూ మా కాళ్ళను మెట్ల మీద సర్దాడు.

ఊరికి వచ్చిన మూడోరోజు రాళ్ళు చెక్కే ఆయనను సమాధుల తోటకు తీసుకెళ్ళాము. కొత్త రాయి అవసరం లేదండీ అన్నాడు. మా పేరు కింద ఒక వరుస పట్టే చోటు ఉంది. పైన ‘కుమారుడు’లో చివరి ‘డు’ పూడ్చి, ‘లు’ చెక్కితే సరిపోతుందన్నాడు. రాతిపొడి, లప్పం కలిపి పూడుస్తాడట. తమ్ముడు డిసెంబరు ఆఖరుకు పిల్లలతో వస్తున్నాడు, ఆలోపు అయిపోవాలన్నాము.

“పూడ్చినచోట రంగు కొంచెం తేడాగా తెలుస్తుందండీ, ఎండలో బాగా కనిపిస్తుంది. పరవాలేదా?” అని అడిగాడు.

పరవాలేదన్నాము.